రికార్డులు పోయినా తగ్గని ఫైలు: డేటాబేస్‌లో చోటు కేటాయింపు, ఫ్రాగ్మెంటేషన్

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కనిగిరి వంటి చోట్ల పొగాకు వేలం సీజను నడిచినన్నాళ్లూ ఆ వ్యాపారంతో సంబంధమున్న కార్యాలయాల్లో కంప్యూటర్లకు తీరిక ఉండదు. వేలానికి వచ్చిన ప్రతి బేలుకూ ఒక రికార్డు పుడుతుంది. దాని బరువు, గ్రేడు, పలికిన ధర, కొన్న కంపెనీ పేరు, రైతు ఖాతాకు సొమ్ము జమ అయిన తేదీ ఒక్కొక్కటిగా అందులో చేరతాయి. సీజను ముగిశాక పాత ఏళ్ల రికార్డులు తీసేసి డిస్కులో కాస్త చోటు చేసుకుందామని చూస్తే, లక్షల రికార్డులు పోయినా డేటాబేస్ ఫైలు సైజు ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఇక్కడి నుంచే రెండు పెడదారులు మొదలవుతాయి. డేటాబేస్ డిస్కును మింగేస్తోందని కంగారుపడి దొరికిన ప్రతి కుదింపు కమాండునూ నడపడం ఒకటి. డిస్కులు చవకే కదా అని ఏళ్ల తరబడి ఆ వైపు చూడకపోవడం రెండోది. ఫైల్లో ఉండే ఖాళీలన్నీ ఒకే రకానివి కావని గుర్తించకపోవడమే ఈ రెండింటికీ మూలం. తిరిగి వాడుకలోకి వచ్చే ఖాళీ ఒకటి, ఎన్నాళ్లున్నా రానిది ఒకటి, పనిగట్టుకుని ముందే వదిలిపెట్టాల్సినది ఇంకొకటి. ఏది ఏదో తేలాలంటే డేటాబేస్ చోటును ఎలా పంచుతుందో ముందు చూడాలి.

పేజీలు, ఎక్స్‌టెంట్లు

డేటాను టేబుళ్లుగా ఉంచే రిలేషనల్ డేటాబేస్ ఏదైనా రికార్డులను నేరుగా డిస్కు మీద పరచదు. స్థిరమైన సైజుగల పేజీల్లో సర్దుతుంది. ఈ పేజీనే ఒరాకిల్ అనే డేటాబేస్‌లో బ్లాకు అంటారు. ఒరాకిల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ మామూలుగా ఇది 8 కేబీ. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎప్పుడూ 8 కేబీయే. మైఎస్‌క్యూఎల్ తన డేటాను దాచడానికి వాడే ఇన్నోడీబీలో మామూలుగా 16 కేబీ. ఒక్క రికార్డు కావలసివచ్చినా డిస్కు నుంచి మెమరీలోకి వచ్చేది మొత్తం పేజీ. అందుకే ఒక పేజీలో ఎన్ని పనికొచ్చే రికార్డులున్నాయన్నది, ఆ పేజీలు డిస్కు మీద ఏ వరుసలో ఉన్నాయన్న దానికంటే చాలా సందర్భాల్లో ముఖ్యమైనది. ఈ తేడా మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

పేజీలను ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, డేటాబేస్ వాటిని గుత్తగా, ఎక్స్‌టెంట్లు అనే పేజీల కట్టల రూపంలో తీసుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎనిమిది పేజీలు కలిస్తే 64 కేబీ ఎక్స్‌టెంట్. ఇన్నోడీబీ మొదటి 32 పేజీలను విడివిడిగా ఇచ్చి, టేబుల్ ఇంకా పెరుగుతుంటే అక్కడి నుంచి 1 ఎంబీ ఎక్స్‌టెంట్లను ఇస్తుంది. ఒరాకిల్ ఆటోఅలొకేట్ పద్ధతిలో మామూలుగా మొదటి 16 ఎక్స్‌టెంట్లు 64 కేబీ చొప్పున, టేబుల్ 64 ఎంబీ చేరేదాకా 1 ఎంబీ చొప్పున, 1 జీబీ చేరేదాకా 8 ఎంబీ చొప్పున, ఆ తర్వాత 64 ఎంబీ చొప్పున ఉంటాయి. చిన్న టేబుల్‌కు చోటు వృథా కాకుండా, పెద్ద టేబుల్ మాటిమాటికీ అడగాల్సిన పని లేకుండా చేసిన ఏర్పాటు ఇది. పోస్ట్‌గ్రెస్ దారి వేరు. అది ప్రతి టేబుల్‌నూ సాధారణ ఫైలుగానే ఉంచి, 1 జీబీ నిండగానే ఇంకో ఫైలు తెరుస్తుంది. ఆ ఫైలు డిస్కు మీద ఎక్కడ ఎలా పరుచుకోవాలన్న బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమ్‌కే వదిలేస్తుంది.

ఒకసారి టేబుల్‌కు ఇచ్చిన ఎక్స్‌టెంట్, అందులోని రికార్డులన్నీ పోయినా, మామూలుగా ఆ టేబుల్ పేరు మీదే ఉంటుంది. ఒరాకిల్‌లో డిలీట్ కమాండు హై వాటర్ మార్కును, అంటే టేబుల్ ఇప్పటిదాకా ఎంతవరకు నిండిందో చూపే గీతను, కిందికి దించదు. అంటే కోటి రికార్డులున్న టేబుల్లో అన్నీ తీసేసి పది మిగిల్చినా, టేబుల్ మొత్తాన్ని చదివే క్వెరీ పాత కోటి రికార్డుల మేర ఉన్న బ్లాకులన్నీ తిరిగొస్తుంది. టేబుల్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్ కమాండు మాత్రం ఆ గీతను మొదటికి తెచ్చి ఎక్స్‌టెంట్లను వదిలేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో పనికిరాని పాత రికార్డులను ఊడ్చే వాక్యూమ్ తన పని పూర్తయ్యాక ఫైలు చివరన వరుసగా ఖాళీ పేజీలుంటే వాటిని కత్తిరించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా చివరి పేజీలో ఒక్క బతికున్న రికార్డు ఉంటే చాలు, ఫైలు అలాగే ఉండిపోతుంది.

ఇది లోపమని చెప్పలేం. ఈ ఏడాది తీసేసిన రెండు లక్షల బేళ్ల రికార్డుల చోటులోకి వచ్చే ఏడాది మళ్లీ అంతే సంఖ్యలో రికార్డులు వస్తాయి. ఆగస్టులో ఆ చోటును కష్టపడి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగిచ్చి, మార్చిలో వేలం హడావుడి మధ్య మళ్లీ అడిగి తెచ్చుకోవడంలో లాభమేమీ లేదు. టేబుల్ ఒక స్థిరమైన సైజుకు చేరి, అందులో ఖాళీ ఏడాదంతా నిండుతూ తరుగుతూ ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే సరైన నిర్వహణ. చాలాచోట్ల పని మొత్తం తిరగబడి జరుగుతుంది: వదిలేయాల్సిన ఖాళీని కుదిస్తారు, కుదించాల్సిన దాన్ని గమనించరు.

పాత భయాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఒరాకిల్ 8ఐకి ముందు టేబుల్‌స్పేస్‌లోని (టేబుళ్లు ఉండే ఫైళ్ల సముదాయంలోని) ఖాళీల లెక్క డేటా డిక్షనరీ టేబుళ్లలోనే, అంటే డేటాబేస్ తన గురించి తాను రాసుకునే టేబుళ్లలోనే ఉండేది. ప్రతి టేబుల్‌కూ ఇష్టమొచ్చిన సైజులో ఎక్స్‌టెంట్లు అడిగే వీలుండేది; పైగా ప్రతి కొత్త ఎక్స్‌టెంటూ అంతకు ముందు దానికంటే 50 శాతం పెద్దదిగా ఉండాలన్న అమరిక, వద్దని చెప్పకపోతే, దానంతట అదే అమలయ్యేది. ఫలితంగా టేబుళ్లు వస్తూ పోతూ ఉంటే టేబుల్‌స్పేస్‌లో ఒకదానికొకటి పొసగని సైజుల్లో ఖాళీలు మిగిలేవి. మొత్తం ఖాళీ 500 ఎంబీ ఉన్నా, ఒకే చోట 40 ఎంబీ దొరక్క కొత్త రికార్డు చేర్చే ఇన్సర్ట్ విఫలమయ్యేది. నెల్లూరు ప్రాంతంలో ధాన్యాన్ని 850 కిలోల పుట్టి లెక్కన కొంటారు. గిడ్డంగిలో ప్రతి నెట్టునూ పుట్టి లెక్కనే కడితే ఏ నెట్టు ఖాళీ అయినా తర్వాతి సరుకు అందులో సరిగ్గా పడుతుంది, ఎవరికి తోచినట్టు వాళ్లు కడితే నడుమ మిగిలిన సందుల్లో ఏదీ పట్టదు. ఒరాకిల్ 8ఐలో వచ్చిన లోకల్లీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్ చేసినది ఈ కొలతల ఏకీకరణే. ఎక్స్‌టెంట్ల సైజులు ఒకటే అయ్యాయి, లేదా ఒకదానితో ఒకటి భాగించబడే కొన్ని సైజులకు పరిమితమయ్యాయి. ఖాళీల లెక్క ఫైలు మొదట్లోని బిట్‌మ్యాప్‌లోకి వెళ్లింది. టేబుల్‌స్పేస్ స్థాయి ఫ్రాగ్మెంటేషన్ (చోటు ముక్కలుగా చెదిరిపోవడం) అనే సమస్య అక్కడితో దాదాపుగా తీరిపోయింది.

అయినా ఆ కాలపు సలహాలు మాత్రం బతికే ఉన్నాయి. టేబుల్ మొత్తం ఒకే ఎక్స్‌టెంట్‌లో ఉంటే వేగంగా నడుస్తుందన్నది వాటిలో ఒకటి. పుస్తకం చివరి పదసూచిక లాంటి ఇండెక్స్ ద్వారా ఒక రికార్డును వెతికేటప్పుడు టేబుల్‌కు ఎన్ని ఎక్స్‌టెంట్లున్నాయన్నది లెక్కలోకే రాదు. మొత్తం చదివేటప్పుడు కూడా ఎక్స్‌టెంట్ 1 ఎంబీ, ఆ పైన ఉంటే తేడా కొలవడానికి అందదు. టేబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ ఇంపోర్ట్ చేశాక వేగం పెరిగిందని చెప్పే అనుభవాలు నిజమే కావచ్చు. అయితే ఆ వేగం ఎక్స్‌టెంట్లు కలవడం వల్ల వచ్చినది కాదు. పేజీల్లోని ఖాళీలు పోవడం వల్ల, ఇండెక్సులు కొత్తగా కట్టడం వల్ల వచ్చినది.

పెరిగే రికార్డు, మారిన జిల్లా

నేటి డేటాబేస్‌లలో అసలు సమస్య పేజీ లోపల ఉంది. బేలు రికార్డునే తీసుకుంటే, అది కేంద్రానికి వచ్చిన రోజున బేలు నంబరు, రైతు నంబరు, బరువు తప్ప మిగతా గడులన్నీ ఖాళీ. వేలం తర్వాత ధర, కొనుగోలుదారు చేరతారు. ఎవరూ పాడక నో బిడ్ అయితే ఆ సంగతి, మళ్లీ వేలానికి పెట్టిన తేదీ చేరతాయి. చివరికి చెల్లింపు వివరాలు. పుట్టినప్పుడు 60 బైట్లున్న రికార్డు వారం తిరిగేసరికి 180 బైట్లు కావచ్చు. పేజీని మొదటే అంచులదాకా నింపేస్తే ఆ పెరుగుదలకు చోటెక్కడ?

ఒరాకిల్ దీనికోసం పీసీటీఫ్రీ అనే అమరికను ఇచ్చింది. అది చెప్పకపోతే 10 శాతం; అంటే బ్లాకులో 90 శాతం నిండాక కొత్త రికార్డులను ఆపి, మిగతా పదో వంతును పాత రికార్డుల పెరుగుదలకు వదులుతుంది. మూడింతలు పెరిగే బేలు రికార్డుకు ఈ 10 శాతం ఏ మూలకూ చాలదు. పట్టకపోతే ఒరాకిల్ ఆ రికార్డును వేరే బ్లాకుకు తరలించి, పాత చోట ఒక చిరునామాను మిగులుస్తుంది. ఇండెక్సులన్నీ పాత చోటునే చూపిస్తాయి కాబట్టి ఆ రికార్డు కోసం ఇక మీద ఒకటికి బదులు రెండు బ్లాకులు చదవాలి. ఇదే రో మైగ్రేషన్. టేబుల్ మొత్తం చదివే క్వెరీలకు దీనివల్ల పెద్దగా నష్టం లేదు. ఒక్కో రికార్డును ఇండెక్స్ ద్వారా పట్టుకునే కౌంటర్ దగ్గరి పనికే దెబ్బ.

ఇంకా చక్కని ఉదాహరణ 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజన. చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. కందుకూరు ప్రకాశం నుంచి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో చేరింది. (1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచే విడిపోయిన కందుకూరుకు ఇది ఒక విధంగా పుట్టింటికి రావడమే.) చిరునామాల టేబుల్లో జిల్లా పేరును తెలుగులో అక్షరాలుగా రాసి పెట్టుకున్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణ సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. 'ప్రకాశం' అనే పేరుకు 21 బైట్లు పడతాయి, 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' అనే పేరుకు మధ్యలోని ఖాళీలతో కలిపి 87 బైట్లు పడతాయి. అంటే కందుకూరు ప్రాంతపు ప్రతి చిరునామా ఒక్క అప్‌డేట్‌తో 66 బైట్లు పెరుగుతుంది. రికార్డు సుమారు 200 బైట్లదనుకుంటే 8 కేబీ బ్లాకులో, పదో వంతు వదిలాక, దాదాపు 36 రికార్డులుంటాయి. అన్నీ కందుకూరువే అయితే కావలసిన అదనపు చోటు 2,376 బైట్లు, ఉన్నది 819. మొదటి పన్నెండు రికార్డులు వదిలిన చోటులో పెరుగుతాయి. ఆ తర్వాత ఒకటి తరలిపోగానే అది ఖాళీ చేసిన చోటులో ఇంకో రెండు మూడు పెరుగుతాయి. ఇలా సర్దుకునేసరికి ఒక్కో బ్లాకు నుంచి ఆరేడు రికార్డులు వలస వెళ్తాయి. ఎవరి కంటా పడకుండా ఆ మండలాల చిరునామాల్లో దాదాపు అయిదో వంతు రెండు అడుగుల దూరానికి జరిగిపోయినట్టే.

పోస్ట్‌గ్రెస్‌లో ఇదే అప్‌డేట్ ఫలితం వేరుగా ఉంటుంది. అది ఏ రికార్డునూ ఉన్నచోట మార్చదు. ఒక్క గడి మారినా మొత్తం రికార్డుకు కొత్త ప్రతి రాసి పాతదాన్ని కాలం చెల్లినదిగా వదిలేస్తుంది. జిల్లా పేరు పెరిగినా తరిగినా, అంకె కోడ్‌గా ఉండి సైజు మారకపోయినా సరే, అయిదు లక్షల రికార్డులు మారితే అయిదు లక్షల కొత్త ప్రతులు తయారవుతాయి. కొత్త ప్రతికి అదే పేజీలో చోటు దొరికి, మారిన గడి మీద ఇండెక్స్ లేకపోతే, ఇండెక్సుల్లో కొత్త ఎంట్రీలు రాయనక్కర్లేదు; పోస్ట్‌గ్రెస్ 8.3 నుంచి ఉన్న ఈ వెసులుబాటును హాట్ అప్‌డేట్ అంటారు. పేజీని ఎంత శాతం నింపాలో చెప్పే ఫిల్‌ఫ్యాక్టర్‌ను టేబుల్‌కు చెప్పకపోతే అది 100, అంటే పేజీ పూర్తిగా నిండుతుంది, అప్పుడు ఈ వెసులుబాటు చాలావరకు అందదు. తరచూ మారే టేబుల్‌కు ఫిల్‌ఫ్యాక్టర్‌ను 80కో 85కో తగ్గించడం పైకి చోటును వృథా చేయడంలా కనిపిస్తుంది. వాస్తవానికి అదే ఇండెక్సులను ఉబ్బకుండా కాపాడుతుంది.

అయితే జిల్లా విషయంలో పీసీటీఫ్రీ, ఫిల్‌ఫ్యాక్టర్ల చర్చకే అవసరం రాకూడదు. చిరునామాలో మండలం కోడ్ మాత్రమే ఉంచి, ఏ మండలం ఏ జిల్లాలో ఉందో వేరే టేబుల్లో పెట్టుకుంటే, కందుకూరు ఎన్నిసార్లు ఏ జిల్లాకు మారినా మారేది మండలాల టేబుల్లో కొన్ని రికార్డులే. ఒక వివరాన్ని ఒక్క చోటే ఉంచే ఈ పద్ధతిని, అంటే నార్మలైజేషన్‌ను, పాఠ్యపుస్తకాలు డేటా పొందికకు సంబంధించిన నియమంగానే బోధిస్తాయి. చోటు నిర్వహణలో కూడా దానికంటే చవకైన పనిముట్టు లేదు.

చనిపోయిన ప్రతులను ఎవరు ఊడుస్తారు

పోస్ట్‌గ్రెస్‌లో పాత ప్రతులను తొలగించి ఆ చోటును తిరిగి వాడుకలోకి తెచ్చే పని ఆటోవాక్యూమ్‌ది. మామూలు అమరిక ప్రకారం ఒక టేబుల్లో చనిపోయిన ప్రతులు మొత్తం రికార్డుల్లో 20 శాతానికి పైన మరో 50 చేరాకే అది కదులుతుంది. వెయ్యి రికార్డుల టేబుల్‌కు ఇది సరిగ్గానే ఉంటుంది. కోటి రికార్డుల టేబుల్‌కు మాత్రం 20 లక్షలకు పైగా చచ్చిన ప్రతులు పోగయ్యేదాకా ఎవరూ అటు రారని అర్థం. పెద్ద టేబుళ్లకు ఈ శాతాన్ని విడిగా 2కో 1కో తగ్గించడం ఉత్తమం. తరచుగా, కొద్దికొద్దిగా జరిగే వాక్యూమ్ భారం అరుదుగా, భారీగా జరిగేదాని కంటే ఎప్పుడూ తక్కువే. ఆటోవాక్యూమ్ సర్వర్‌ను నెమ్మదింపజేస్తోందని దాన్ని ఆపేసే అలవాటు ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. అలా ఆపిన డేటాబేస్‌లో ఫైలు ఉబ్బు ఆగకుండా పెరుగుతుంది, చివరికి ట్రాన్సాక్షన్ నంబర్లు (ప్రతి మార్పుల విడతకూ ఇచ్చే వరుస సంఖ్యలు) అయిపోయి చుట్టుతిరిగే ప్రమాదం నుంచి కాపాడటానికి పోస్ట్‌గ్రెస్ తానే బలవంతంగా వాక్యూమ్ మొదలుపెడుతుంది, అదీ సాధారణంగా పని రద్దీగా ఉన్న రోజునే.

వాక్యూమ్ నడుస్తున్నా ఉబ్బు తగ్గకపోతే మొదట చూడాల్సినది తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ల కోసం. ఎవరో ఒక రికార్డు మార్చి, కమిట్ చేయకుండా, అంటే మార్పును ఖాయం చేయకుండా, భోజనానికి వెళితే, ఆ క్షణం తర్వాత చనిపోయిన ప్రతులు వేటినీ, అవి ఏ టేబుల్‌వైనా సరే, ఆ డేటాబేస్‌లో తొలగించడానికి వీలుండదు. ఆ పాత ట్రాన్సాక్షన్‌కు అవి కావలసి రావచ్చన్నది లెక్క. గంటల తరబడి నడిచే ఒక్క రిపోర్టు కూడా ఇదే చేస్తుంది. ఖాళీగా కూర్చున్న ట్రాన్సాక్షన్లను ఇన్ని నిమిషాల తర్వాత తెంచేయాలని చెప్పే అమరిక 9.6 నుంచి ఉంది. చెప్పనిదే అది పనిచేయదు.

కీ ఎంపిక: చెరువులు, రీడింగులు

ఇండెక్సుల్లో పరిస్థితి ఇంకొంచెం సూక్ష్మమైనది. బీ-ట్రీ ఇండెక్సులో ఎంట్రీలు వరుసక్రమంలో ఉండాలి కాబట్టి, నిండిన పేజీ నడుమకు కొత్త ఎంట్రీ వస్తే ఆ పేజీ రెండుగా చీలుతుంది. రెండూ సగం సగం నిండి ఉంటాయి. ఇండెక్సు వరుసకు ఆధారమైన విలువలు, అంటే కీలు, అడ్డదిడ్డంగా వచ్చే ఇండెక్సులో ఈ చీలికలూ నింపడాలూ కలిసి పేజీల సగటు నిండుదనం దాదాపు 69 శాతం దగ్గర స్థిరపడుతుందని గణితం చెబుతుంది. పెరిగే క్రమంలో వచ్చే కీలకైతే ఇన్నోడీబీ పేజీని పదహారింట పదిహేను వంతులు నింపి ముందుకు సాగుతుంది. యాదృచ్ఛికమైన యూయూఐడీని (ఇంకెక్కడా రాని పొడవైన గుర్తింపు సంఖ్యను) ప్రతి రికార్డునూ గుర్తించే ప్రైమరీ కీగా పెట్టవద్దని చెప్పేది ఇందుకే. కానీ అక్కడ అసలు నష్టం 69 శాతం కాదు. ప్రతి ఇన్సర్టూ ఇండెక్సులో ఏ పేజీకైనా వెళ్లవచ్చు కాబట్టి ఇండెక్స్ అంతా మెమరీలో ఉండాల్సి వస్తుంది, పట్టకపోతే ప్రతి ఇన్సర్ట్‌కూ డిస్కు చదవాల్సి వస్తుంది. 2024లో ప్రమాణంగా వెలువడిన ఏడో రకం యూయూఐడీ సమయంతో మొదలవుతుంది కనుక ఈ చిక్కు లేదు. పోస్ట్‌గ్రెస్ 18లో దాన్ని తయారుచేసే ఫంక్షన్ కూడా వచ్చింది.

అంత మాత్రాన కీ ఎప్పుడూ కాలక్రమంలోనే ఉండాలన్న సూత్రం కూడా సరికాదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు తీర మండలాల్లోని రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం కొలిచే పరికరాల నుంచి పది నిమిషాలకొకసారి రీడింగులు తీసుకునే వ్యవస్థను ఊహిస్తే, 500 చెరువులు, ఒక్కో రీడింగు 50 బైట్లు, పంటకాలం 120 రోజులు అనుకుందాం. ఒక చెరువుకు ఒక పంటలో వచ్చే రీడింగులు 17,280. ఇన్నోడీబీలో టేబుల్ ప్రైమరీ కీ క్రమంలోనే పరుచుకుని ఉంటుంది. కీని సమయం, చెరువు నంబరు అన్న క్రమంలో పెడితే ఇన్సర్టులన్నీ చివరనే పడతాయి, పేజీలు నిండుగా ఉంటాయి, ఫ్రాగ్మెంటేషన్ నివేదికలో అంతా పచ్చగా కనిపిస్తుంది. కానీ ఒక విడత రీడింగులే 25 కేబీ, అంటే ఒకటిన్నర పేజీ. కాబట్టి ఒక చెరువు పంట చరిత్ర చూడాలంటే ప్రతి రీడింగుకూ ఒక పేజీ చొప్పున 17,280 పేజీలు తిప్పాలి. కీని చెరువు నంబరు, సమయం అన్న క్రమానికి మారిస్తే ఇన్సర్టులు 500 చోట్ల పడతాయి, పేజీలు చీలతాయి, నిండుదనం 69 శాతానికి పడిపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా ఆ చరిత్ర మొత్తం దాదాపు 77 పేజీల్లో ఉంటుంది. ఇన్సర్టుల కోసం మెమరీలో ఉండాల్సిన 500 పేజీలు కలిపి 8 ఎంబీ మాత్రమే. ఫ్రాగ్మెంటేషన్ శాతాన్ని మాత్రమే చూసి నిర్ణయం తీసుకునేవారికి ఈ రెండింటిలో మొదటిది ఆరోగ్యంగా, రెండోది జబ్బుతో ఉన్నట్టు కనిపిస్తుంది. రైతు పంట మధ్యలో అడిగేది మాత్రం తన చెరువు చరిత్రే.

5, 30 అనే అంకెలు

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారిలో బాగా పాతుకుపోయిన నియమం ఒకటుంది: ఫ్రాగ్మెంటేషన్ 5 నుంచి 30 శాతం మధ్య ఉంటే ఇండెక్సును రీఆర్గనైజ్ చేయాలి (ఉన్నచోటే సర్దాలి), 30 దాటితే రీబిల్డ్ చేయాలి (మొత్తం కొత్తగా కట్టాలి). చాలా ఏళ్లు మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనూ ఈ అంకెలే కనిపించాయి. ఈ శాతం కొలిచేది పేజీల తార్కిక క్రమానికీ డిస్కు మీది క్రమానికీ ఉన్న తేడాను. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు మీద ఒక పేజీ, డిస్కును చదివే హెడ్ కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. వరుస తప్పిన ప్రతి పేజీకీ ఆ ఆలస్యం చేరేది, కనుక అప్పట్లో ఆ కొలతకు విలువ ఉంది. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు. అక్కడ ఈ శాతం 10 అయినా 60 అయినా తేడా చాలావరకు కనిపించదు.

పేజీ నిండుదనం మాత్రం డిస్కు ఏదైనా లెక్కలోకి వస్తుంది. పేజీలు సగమే నిండి ఉంటే పేజీలను మెమరీలో ఉంచుకునే 8 జీబీ బఫర్‌లో 4 జీబీ డేటాయే ఉన్నట్టు. మిగతా సగం గాలిని మెమరీలో మోస్తున్నాం. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ కూడా నిండుదనాన్ని చూడమనీ, రీబిల్డ్ వల్ల మీ పనిభారం మీద నిజంగా ఫలితం ఉందో లేదో కొలిచి చూసుకోమనీ చెబుతోంది. రీబిల్డ్ చేయగానే క్వెరీలు వేగమయ్యాయనే అనుభవంలో మరో మెలిక కూడా ఉంది: రీబిల్డ్‌తో పాటు ఆ ఇండెక్స్ స్టాటిస్టిక్స్ (క్వెరీకి ఏ దారి మేలో ఎంచడానికి డేటాబేస్ ఉంచుకునే లెక్కలు) కూడా పూర్తిగా కొత్తగా తయారవుతాయి. రాత్రంతా రీబిల్డ్ నడిపి సాధించిన వేగం, స్టాటిస్టిక్స్‌ను మాత్రం అప్‌డేట్ చేసి నిమిషాల్లో పొందగలిగేదే కావచ్చు.

కుదించడం ఎప్పుడు

కుదింపుకు ఖర్చు ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ష్రింక్ కమాండు ఫైలు చివరి పేజీలను తెచ్చి ముందున్న ఖాళీల్లో పెడుతుంది. ఆ క్రమంలో ఇండెక్సు వరుస తిరగబడిపోతుంది. దాన్ని చూసి రీబిల్డ్ చేస్తే ఫైలు మళ్లీ పెరుగుతుంది. వారానికోసారి ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి నడిపే షెడ్యూళ్లు ఉన్నాయి. వాటిని సమర్థించే కారణం ఏదీ కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ ఫుల్ టేబుల్‌కు కొత్త ప్రతిని రాస్తుంది, కాబట్టి డిస్కు నిండిపోయిన వేళ దాన్ని నడపడానికే చోటుండదు. పైగా అది నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్‌ను చదవడం కూడా కుదరదు. పీజీ రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ టేబుల్‌కు ఇలా తాళం పడే వ్యవధిని బాగా తగ్గిస్తుంది గాని అదనపు చోటు దానికీ కావాలి. ఒరాకిల్ 10జీ నుంచి ఉన్న ష్రింక్ స్పేస్ రికార్డులను జరిపి హై వాటర్ మార్కును దించుతుంది. టేబుల్‌ను కొత్త చోటికి మార్చే టేబుల్ మూవ్ పద్ధతిలో, ఆన్‌లైన్‌గా చేయకపోతే, ఇండెక్సులు పనికిరాకుండా పోయి మళ్లీ కట్టాల్సివస్తుంది. ఇన్నోడీబీలో 5.6 నుంచి ప్రతి టేబుల్‌కూ విడి ఫైలు ఉండటం మామూలు అమరిక అయింది కనుక ఆప్టిమైజ్ టేబుల్ ఆ ఫైలును చిన్నది చేయగలదు. అంతకుముందు రోజుల్లో అన్ని టేబుళ్లూ కలిసి పెరిగిన ఉమ్మడి సిస్టమ్ ఫైలు ఉంటే మాత్రం, డేటా మొత్తాన్ని బయటికి తీసి మళ్లీ ఎక్కించడం తప్ప దాన్ని తగ్గించే దారి లేదు.

కుదింపు నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మళ్లీ ఎప్పటికీ ఆ సైజుకు చేరదని తెలిసిన టేబుల్, పొరపాటున రెండుసార్లు ఎక్కించి తీసేసిన డేటా, పదేళ్ల పాత రికార్డులను ఒకేసారి ఆర్కైవ్‌కు తరలించిన సందర్భం, తరచూ మొత్తం స్కాన్ అయ్యే టేబుల్లో హై వాటర్ మార్కు చాలా పైన ఉండిపోవడం వంటివి. వీటిలో ఏదీ వారంవారం వచ్చేది కాదు.

ఫైళ్లు పెరిగే తీరు మీద అంతకంటే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కు ముందు కొత్త డేటాఫైలు చెప్పకపోతే 1 ఎంబీ చొప్పున, మార్పుల చిట్టా రాసే లాగ్ ఫైలు 10 శాతం చొప్పున పెరిగేవి. పాత సర్వర్ నుంచి తెచ్చిన డేటాబేస్‌లు ఆ అమరికలను వెంట తెచ్చుకుంటాయి. ఒరాకిల్‌లో 8 కేబీ బ్లాకుతో ఉన్న సాధారణ డేటాఫైలు 32 జీబీకి కాస్త ముందే ఆగిపోతుంది. ఫైలును తానే పెంచే ఆటోఎక్స్‌టెండ్ ఉంది కదా అని ధీమాగా ఉన్నచోట, డిస్కులో 200 జీబీ ఖాళీ ఉండగానే, టేబుల్‌ను పెంచలేనని చెప్పే ఓఆర్ఏ-01653 దోషం వేలం మధ్యలో ప్రత్యక్షమవుతుంది. వచ్చే సీజనుకు ఎన్ని బేళ్లు రావచ్చో ముందే అంచనా ఉంటుంది కాబట్టి, సీజను మొదలయ్యే ముందే ఫైలును ఆ మేరకు పెంచి, లేదా రెండో ఫైలును చేర్చి ఉంచడం కష్టమేమీ కాదు.

సీజను వారీగా వచ్చి సీజను వారీగా పోయే డేటాకు డిలీట్ అనేదే తప్పు సాధనం. బేళ్ల టేబుల్‌ను సీజనుకొక పార్టిషన్‌గా విడగొడితే, పాత సీజనును డ్రాప్ చేసిన క్షణంలో దాని చోటు మొత్తం తిరిగొస్తుంది. చనిపోయిన ప్రతులు, వాక్యూమ్, హై వాటర్ మార్కు అన్న ప్రసక్తే ఉండదు. దీనికీ షరతులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషన్ టేబుల్‌కు పెట్టే ప్రైమరీ కీలో పార్టిషన్ కీ తప్పనిసరిగా ఉండాలి, కాబట్టి బేలు నంబరు ఒక్కటే సరిపోదు, సీజనును కూడా జోడించాలి. ఒరాకిల్‌లో రైతు నంబరు మీద అన్ని సీజన్లకూ కలిపి గ్లోబల్ ఇండెక్స్ ఉంటే, పార్టిషన్ డ్రాప్‌తో అది పనికిరాకుండా పోకుండా అప్‌డేట్ ఇండెక్సెస్ అని జోడించాలి. 12సీ నుంచి ఈ డ్రాప్ వెంటనే ముగుస్తుంది గాని, పోయిన సీజను ఎంట్రీలు ఇండెక్సులో అనాథలుగా ఉండిపోయి, రాత్రి 2 గంటలకు నడిచే నేపథ్య జాబ్ ఊడ్చేదాకా చోటును ఆక్రమించుకునే ఉంటాయి.